‘గొడవ జరిగింది’ అంటే ఎవరు చేసినట్టు? కారంచేడు, చుండూరు, మన రికార్డు

ఈ ఎపిసోడ్ ఒక చిన్న మాట గురించి. ఆ మాట "గొడవ".

మన గుంటూరు, ప్రకాశం వైపు ఎవరైనా పెద్దాయన దగ్గర కూర్చుని కారంచేడు పేరు ఎత్తండి. "ఆ, అప్పట్లో అక్కడ ఏదో గొడవ జరిగిందిలే" అంటారు. చుండూరు అనండి. "అదా, సినిమా హాల్ దగ్గర మొదలైన గొడవ" అంటారు. ఇంకొంచెం గట్టిగా అడిగితే "ఇప్పుడెందుకురా అవన్నీ" అని టాపిక్ మార్చేస్తారు.

ఆ వాక్యాన్ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. "గొడవ జరిగింది." వాన పడింది, కరెంటు పోయింది, గొడవ జరిగింది. వాన ఎవరూ కురిపించరు, దానంతట అదే పడుతుంది. కానీ ఆ రెండు ఊళ్లలో కలిపి 14 మంది దళితుల్ని చంపారు. అది దానంతట అది జరగలేదు. కొంతమంది చేశారు, కొంతమంది మీద చేశారు. "జరిగింది" అనే మాట ఈ రెండు సంగతుల్నీ ఒకేసారి మింగేస్తుంది.

ఈ రోజు మనం మాట్లాడుకునేది దీని గురించే. ఒక సమాజం తనకు నచ్చని చరిత్రను ఎలా దాచుకుంటుంది? ఎవరూ పుస్తకాలు తగలబెట్టక్కర్లేదు. ఒక క్రియాపదం మారిస్తే చాలు.

ముందే ఒక మాట. నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఈ వీడియోల్లోకి వచ్చినవాణ్ణి. హిస్టరీ ప్రొఫెసర్ని కాదు. ఇంకో మాట. నా ఇంటిపేరు పట్టుకుని కులం వెతికే పని పెట్టుకోకండి. ఇక్కడ చెప్పే తేదీలు, అంకెలు చెప్పేవాడి కులాన్ని బట్టి మారవు.

కారంచేడు, 1985

కారంచేడు చీరాల పక్కనే ఉంటుంది. సినిమా వాళ్లకి అది నిర్మాత రామానాయుడు గారి సొంతూరు. నీళ్లున్న డెల్టా ఊరు, డబ్బున్న ఊరు. అదే ఊరికి ఇంకో గుర్తు కూడా ఉంది.

1985 జూలై 16. మాదిగపల్లె వాళ్లు తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల్ని కడుగుతున్నారు. మురికి నీళ్లు చెరువులో పడుతున్నాయి, అవి మేం తాగే నీళ్లు అని ఒక దళిత యువకుడు అడిగాడు. అడిగినందుకు అతని మీద చెయ్యి చేసుకున్నారు. నీళ్లకొచ్చిన ఒక దళిత మహిళ చేతిలో బిందె ఎత్తి అడ్డం నిలబడింది. అంతే. తాగే నీళ్లు పాడు చెయ్యొద్దన్నారు, కొడుతుంటే ఆపారు. వాళ్ల వైపు నుంచి "గొడవ" అంటే ఇంతే.

మర్నాడు పొద్దున, జూలై 17న, ఊళ్లో భూములున్న కమ్మ కులస్తుల్లోంచి పెద్ద గుంపు గొడ్డళ్లు, బరిసెలు పట్టుకుని మాదిగపల్లె మీద పడింది. ఆరుగుర్ని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. పొలాల్లోకి పారిపోయినవాళ్లని తరిమి తరిమి కొట్టారు. బతికినవాళ్లు కట్టుబట్టలతో చీరాల చేరుకున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆ ఊరికి తిరిగి వెళ్లలేదు. శిబిరంలో ఉండి కొట్లాడి, చీరాలలోనే విజయనగర్ కాలనీగా స్థిరపడ్డారు. అంటే చంపినవాళ్ల ఊరు ఊళ్లోనే ఉంది, చావు తప్పించుకున్నవాళ్లకే ఊరు మారిపోయింది. ఏటా జూలై 17న అమరుల్ని తలుచుకునేది కూడా ఆ కాలనీలోనే.

ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నిలబడ్డారు. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న తారకం ఆ పదవికి రాజీనామా చేసి వచ్చారు. నాలుగేళ్ల తర్వాత, 1989లో, పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. మనం ఇవాళ మామూలుగా "అట్రాసిటీ కేసు" అంటామే, ఆ చట్టం. దేశమంతా వాడుతున్న ఆ చట్టం వెనక ఉన్న కారణాల్లో మన చీరాల పక్క ఊరి చెరువు ఒకటి. కానీ నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో మా క్లాస్‌రూమ్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

చుండూరు, 1991

ఇప్పుడు తెనాలి వైపు రండి. చుండూరు. ఇక్కడ దళితుల్లో చదువుకున్న కుర్రాళ్లు ఎక్కువ, రైల్వేలో పనిచేసేవాళ్లు కూడా ఉన్నారు. ఈ ముక్క చాలా ముఖ్యం. రైల్వే జీతం వచ్చేవాడు కూలి కోసం ఊరి ఆసామి గుమ్మం దగ్గర నిలబడక్కర్లేదు. చదువుకున్న కుర్రాడు సినిమా హాల్లో టికెట్ కొనుక్కుని దర్జాగా కుర్చీలో కూర్చుంటాడు. తల వంచి నడవడు.

1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు వరుసలో ఉన్న రెడ్ల కుర్రాడికి తగిలింది. మన థియేటర్లలో రోజుకి పదిసార్లు జరిగేదే. "సారీ బ్రో" అంటే అయిపోతుంది. అక్కడ అయిపోలేదు. దళితుల్ని సాంఘికంగా వెలివేశారు. పొలం పనులకి పిలవడం మానేశారు. నెల రోజులు ఊరంతా ఉద్రిక్తత. ఊళ్లో పోలీసులున్నారు, 144 సెక్షన్ ఉంది.

ఆగస్టు 6న, పోలీసులు ఉండగానే, దాడి చేశారు. పారిపోతున్నవాళ్లని పొలాల గట్ల మీద వెంటాడి చంపారు. ఎనిమిది మంది. శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో, డ్రెయిన్‌లో పడేశారు. తర్వాతి రోజుల్లో ఒక్కో శవం బయటపడుతూ వచ్చింది. చేసినవాళ్లు ప్రధానంగా రెడ్లు, వాళ్లతో పాటు కొందరు తెలగాలు అని కేసు.

ఇది 1989 చట్టం వచ్చిన తర్వాత. అంటే చట్టం కాగితం మీద ఉంది, పోలీసు ఊళ్లో ఉన్నాడు, అయినా ఎనిమిది మందిని చంపారు.

చుండూరు దళితులు అప్పుడు చేసిన ఒక పని చూడండి. చనిపోయినవాళ్లని ఊరి బయట ఎక్కడో పాతిపెట్టలేదు. ఊళ్లోనే సమాధులు కట్టారు. ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. రోజూ అందరూ నడిచే దారిలో, అందరికీ కనపడేలా. "ఇప్పుడెందుకులే అవన్నీ" అనేవాళ్లకి అది రాయితో ఇచ్చిన జవాబు.

కోర్టు రికార్డు ఏం చెప్తోంది?

ఇప్పుడు నాకు కొంచెం తెలిసిన సబ్జెక్టులోకి వద్దాం. సర్వర్ క్రాష్ అయితే మేం ముందు చూసేది లాగ్. ఏ టైమ్‌కి, ఎవరు, ఏం చేశారు. లాగ్ ఆ క్షణంలోనే రాసుకోవాలి. పదేళ్ల తర్వాత టీమ్‌ని పిలిచి "ఆ రోజు 11 గంటల 4 నిమిషాలకి ఏం నొక్కావు?" అని అడిగితే ఎవరికి గుర్తుంటుంది?

హత్య కేసులో ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, మొదటి రోజుల సాక్షుల వాంగ్మూలాలు, ఇవే ఆ లాగ్. ఇవి రాసేది పోలీసులు, ఆఫీసర్లు. వాటిని ఎప్పుడు రాశారు, ఎంత సరిగ్గా రాశారు అన్నదాని మీద పాతికేళ్ల తర్వాతి తీర్పు ఆధారపడి ఉంటుంది.

చుండూరు కేసు కోసం ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. దాడి చేసిన చోటే ఇలాంటి కోర్టు పెట్టడం దేశంలో అదే మొదటిసారి. సాక్షులు భయపడకుండా, బస్ ఛార్జీలకి వెతుక్కోకుండా సొంత ఊళ్లోనే చెప్పుకోవచ్చు. దళితులు పట్టుబట్టి సాధించుకున్న కోర్టు అది. 2007 జూలై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. మిగిలినవాళ్లని వదిలేశారు. దాడికి, ఈ తీర్పుకి మధ్య 16 ఏళ్లు.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. అందరూ నిర్దోషులంది. హత్యలు ఏ సమయంలో, ఏ చోట జరిగాయి, ఎవరు ఎవర్ని కొట్టారు అన్నవి ప్రాసిక్యూషన్ అనుమానం లేకుండా నిరూపించలేకపోయింది అన్నది ముఖ్యమైన కారణం. దాని మీద సుప్రీంకోర్టుకి అప్పీల్ వెళ్లింది.

ఒక్క నిమిషం ఆగండి. ఎనిమిది మంది చనిపోలేదు అని హైకోర్టు కూడా అనలేదు. చనిపోయారు. సమాధులు ఉన్నాయి. కానీ ఆ తీర్పు ప్రకారం చూస్తే "ఎవరు" అనే గడి ఖాళీగా ఉంది. క్రిమినల్ కేసులో అనుమానం లేని రుజువు అడగడం తప్పు కాదు. రేపు నా మీదో మీ మీదో కేసు పడితే మనం కూడా అదే అడుగుతాం. నా ప్రశ్న వేరే. గుంపుగా తరుముతుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పొలంలో పరిగెత్తిన మనిషి, ఏ చెయ్యి ఏ టైమ్‌కి ఏ కర్ర ఎత్తిందో పదమూడు, పద్నాలుగేళ్ల తర్వాత బోనులో నిలబడి ఎలా చెప్పగలడు? మొదటి రోజు లాగ్ రాయాల్సిన వ్యవస్థ దాన్ని సరిగ్గా రాయకపోతే, ఆ లోటు శిక్ష సాక్షి మీద పడుతుంది.

కారంచేడు కేసు కూడా ఇంతే సాగింది. కింది కోర్టు శిక్షలు వేసింది, హైకోర్టు కొట్టేసింది, చివరికి 2008 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల జైలు వేసింది. 1985 నుంచి 2008. 23 ఏళ్లు. చుండూరు 1991 నుంచి హైకోర్టు తీర్పు దాకా, దాదాపు అంతే. బీటెక్ ఫైనల్ ఇయర్ కుర్రాడి వయసు కన్నా ఎక్కువ.

పోలిక చెప్పనా? మన గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లండి. ఏ రోజు ఎన్ని టిక్కీలు దిగాయి, తేజ రకం ఎంత పలికింది, ఎవరి సరుకు ఎవరు కొన్నారు, కాటా ఎంత తూగింది, అన్నిటికీ చీటీ ఉంటుంది. ఒక్క టిక్కీ లెక్క తేడా వస్తే యార్డులో కేకలు. లెక్కలు రాయడం రాని ప్రాంతం కాదు మనది. ఏది రాయాలనుకుంటే అది పక్కాగా రాస్తాం.

సముద్రం అవతల ఇదే కథ

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో జాతి వివక్ష ఉంది, మన దగ్గర కుల వివక్ష ఉంది. రెండూ అచ్చంగా ఒకటి కాదు. అక్కడ ఒంటి రంగు చూసి వేరు చేస్తారు, ఇక్కడ ఊరు, వాడ, ఇంటిపేరు అడిగి వేరు చేస్తారు. కానీ పుట్టుకని బట్టి మనిషికి విలువ కట్టడం దగ్గర రెండూ కలుస్తాయి. అంబేద్కర్ ఈ పోలికని ఎప్పుడో చూశారు. 1946లో అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాశారు, ఆయన జవాబిచ్చారు. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష వ్యతిరేక సదస్సు జరిగినప్పుడు, కులం గురించి కూడా చర్చించాలని దళిత సంఘాలు అడిగాయి. కులం జాతి కాదు, ఇది మా అంతర్గత విషయం అని భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు.

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం, టల్సా నగరం. 1921 మే 31, జూన్ 1. నల్లజాతి వాళ్లు కష్టపడి బాగా పైకొచ్చిన గ్రీన్‌వుడ్ అనే పేట మీద తెల్లవాళ్ల గుంపు పడింది. 35 బ్లాకులు తగలబెట్టారు. చనిపోయినవాళ్లు 300 దాకా ఉండొచ్చని అంచనా. అక్కడ కూడా మొదలు చిన్నదే. లిఫ్టులో ఒక నల్లజాతి కుర్రాడు తెల్లమ్మాయి మీద చెయ్యి వేశాడన్న ఆరోపణ. సినిమా హాల్లో కాలు తగలడం, చెరువు దగ్గర బిందె ఎత్తడం, లిఫ్టులో చెయ్యి తగలడం. సాకులు ఎప్పుడూ ఇంత చిన్నగానే ఉంటాయి. అసలు మంట వేరే చోట ఉంటుంది. కింద ఉండాల్సినవాడు పక్కన కుర్చీలో కూర్చున్నాడు అన్నదే ఆ మంట.

తర్వాత ఏం చేశారో వినండి. దీన్ని "రయట్" అన్నారు. అంటే మన భాషలో "గొడవ". ఆ ఒక్క మాట ఖరీదు ఎంతంటే, గొడవల్లో పోయిన ఆస్తికి మా పాలసీ వర్తించదని ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బు కట్టలేదు. "మారణకాండ" అని ఉంటే కథ వేరేలా ఉండేది. జనాన్ని రెచ్చగొట్టిన మొదటి పేజీ వార్తని, ఆ పత్రిక పాత సంపుటాల్లోంచి ఎవరో చింపేశారు. తర్వాత ఆ సంపుటాన్ని మైక్రోఫిల్మ్ తీస్తే, ఆ చోట చిరుగు మాత్రమే కనపడింది. స్కూల్ పుస్తకాల్లో లేదు. అదే ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లలకి దశాబ్దాల పాటు తెలియదు.

1997లో ఆ రాష్ట్రం ఒక కమిషన్ వేసింది. అప్పటికి బతికున్న ముసలివాళ్లని వెతికి పట్టుకుని, మాటలు రికార్డ్ చేసి, 2001లో రిపోర్టు ఇచ్చారు. అప్పుడు కూడా పేరు "రయట్ కమిషన్". మారణకాండ అనే మాట అధికారికంగా కుదురుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2024లో, చివరికి మిగిలిన నూరేళ్లు దాటిన బాధితులు వేసిన కేసుని కూడా అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే డబ్బు రాలేదు, శిక్షలు పడలేదు. కానీ ఒకటి మాత్రం మారింది. ఇవాళ టల్సాలో "అలాంటిదేం జరగలేదు" అని ఎవరూ అనలేరు. ఎవరు, ఎవరి మీద, ఎప్పుడు అన్న గడులు నిండాయి.

మరి మన పార్టీలు?

మనకి చరిత్ర మీద ఆసక్తి లేక కాదు. పోట్లాడతాం. గుంటూరు జిన్నా టవర్ చూడండి. దేశ విభజనకి ముందు కట్టిన టవర్. పేరు మార్చాలని 2021 చివర్లో బీజేపీ వాళ్లు పట్టుబట్టారు. 2022 జనవరి 26న అక్కడ జెండా ఎగరేస్తామని వచ్చినవాళ్లని పోలీసులు పట్టుకెళ్లారు. ఫిబ్రవరిలో అప్పటి అధికార పార్టీ వాళ్లు టవర్‌కి మూడు రంగులు వేయించి జెండా ఎగరేశారు. టీవీలన్నీ గుంటూరు వచ్చాయి. అదే ఏడాది మే 24న, కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దని అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టారు.

రాయి మీద పోట్లాట, పేరు మీద పోట్లాట. ఎందుకంటే అందులో రెండు వైపులకీ ఓట్లున్నాయి. కారంచేడు, చుండూరు మీద అలాంటి పోట్లాట మీరు చూశారా? చూసి ఉండరు. కారణం లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 1985లో అధికారంలో ఉన్నది ఎన్టీఆర్, తెలుగుదేశం. 1991లో నేదురుమల్లి జనార్దనరెడ్డి, కాంగ్రెస్. ఒకరు రెండో వాళ్ల మీద వేలు చూపిస్తే, ఆ వేలు తిరిగి తమ వైపే వస్తుంది. మీ హయాంలో, మీ హయాంలో అని రోజూ తిట్టుకునే పార్టీలకి ఈ ఒక్క విషయంలో మాట్లాడకుండా ఒప్పందం కుదిరింది. ఎవరూ సంతకం పెట్టని ఒప్పందం. రాజకీయంగా ఎంత చీలిపోయినా, మర్చిపోవడంలో మాత్రం ఐకమత్యం.

విగ్రహాలు మాత్రం అందరూ పెడతారు. 2024 జనవరిలో విజయవాడలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. మంచిదే, నేను వద్దనట్లేదు. కానీ విగ్రహం పెట్టడానికి సిమెంటు, కంచు చాలు. ఫైలు తెరవడానికి ధైర్యం కావాలి.

మీరు అడగబోయే మూడు ప్రశ్నలు

ఒకటి. "పాత గాయాలు ఎందుకు కెలకడం బ్రో?" గాయం పాతదా కాదా అన్నది దెబ్బ తిన్నవాడు చెప్పాలి. మర్చిపోదాం అనే మాట ఎప్పుడూ ఒక వైపు నుంచే వస్తుంది, గమనించారా? విజయనగర్ కాలనీలో ఉండే కుటుంబానికి రోజూ ఇంటి అడ్రసే గుర్తు చేస్తుంది, మనం ఈ ఊరివాళ్లం కాదు అని. వాళ్లు మర్చిపోవాలంటే ముందు అడ్రసు మర్చిపోవాలి.

రెండు. "మా తాతల కాలంలో జరిగినదానికి నేనెందుకు తలదించుకోవాలి?" అక్కర్లేదు. నిజంగా అక్కర్లేదు. కారంచేడులో పుట్టిన ప్రతి కమ్మ కుర్రాడు, చుండూరులో పుట్టిన ప్రతి రెడ్ల కుర్రాడు దోషి అని ఎవరన్నా అంటే అది కూడా కులం చూసి మనిషికి తీర్పు చెప్పడమే. నిజానికి రికార్డు సరిగ్గా ఉంటే మీకే మంచిది. పేర్లు లేనప్పుడే మొత్తం కులం మీద మచ్చ పడుతుంది. ఎవరు చేశారో తేలితే, చెయ్యనివాళ్లు ఎవరో కూడా తేలుతుంది. తాత చేసిన పనికి మనవడు బాధ్యుడు కాదు. కానీ ఆ పనిని "గొడవ" అని పిలవాలా, ఇంకేమని పిలవాలా అన్నది మనవడి చేతిలోనే ఉంది.

మూడు. "ఇప్పుడు కులం ఎక్కడుంది?" ఫోన్ తీసి మన ఏరియా రీల్స్ చూడండి. కులం పేరుతో ఎలివేషన్ సాంగులు, బైకు నంబర్ ప్లేట్ల మీద కులం పేర్లు, హీరోల ఫ్యాన్ వార్‌లో మూడో కామెంట్‌కే కులం. కులం ఎక్కడికీ పోలేదు, నెట్ ప్యాక్ వేయించుకుంది. ఆ కామెంట్లు పెట్టే 19 ఏళ్ల కుర్రాడికి కారంచేడు తెలియదు. ఒకవేళ తెలిసినా, వాళ్ల కులం గ్రూపులో తిరిగే కథే తెలుసు. ఆ పక్క గ్రూపులో ఇంకో కథ. రెండు గ్రూపులకీ కలిపి నమ్మదగ్గ ఒక్క రికార్డు లేకపోతే, రేపు ఏ సినిమా హాల్లోనో మళ్లీ కాలు తగిలినప్పుడు ఎవరి కథతో వాళ్లు బయల్దేరతారు. అసలు ప్రమాదం అక్కడుంది.

మన చేతిలో ఏముంది?

పెద్ద పెద్ద పనులు చెప్పను. రెండు మూడు చెప్తాను.

మొదటిది, చదవండి. సుప్రీంకోర్టు, హైకోర్టు తీర్పులు నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. ఇంగ్లీష్ కష్టమైతే ఫోన్‌లోనే అనువాదం పెట్టుకోవచ్చు. పౌరహక్కుల కోసం పనిచేసిన బాలగోపాల్ గారు ఈ రెండు మారణకాండల మీదా అప్పుడే రాశారు. ఆయన రాసినవి కూడా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. నా వీడియోని నమ్మొద్దు, అవి చదివి నన్ను చెక్ చేయండి.

రెండోది, అడగండి. 1985లో పాతికేళ్లున్న మనిషికి ఇప్పుడు అరవై దాటాయి. ఆ రోజు బిందెలతో చెరువు దగ్గరున్నవాళ్లు, చీరాల శిబిరంలో గంజి కాసినవాళ్లు, చుండూరు కోర్టు బోనులో నిలబడ్డవాళ్లు, ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. టల్సా వాళ్లు 76 ఏళ్లు ఆగి మొదలుపెట్టారు. అప్పటికి బతికున్నవాళ్లు కొద్దిమందే. మనకి ఇంకా టైముంది, ఎక్కువ లేదు. మీ అమ్మమ్మో, పక్కింటి పెద్దాయనో, ఆ రోజుల గురించి చెప్తానంటే ఫోన్ తీసి రికార్డ్ చేయండి. ముందు అనుమతి అడగండి. చెప్పనంటే బలవంతం వద్దు. రీల్ చేసి పెట్టడానికి కాదు, దాచడానికి. తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారు అన్నది మొదట్లోనే చెప్పించండి. అదీ లాగ్ అంటే. దాడి చేసిన వైపు ఇళ్లలో కూడా అడగాలి. "ఆ రోజు మన ఇంట్లో ఎవరు వెళ్లారు, ఎవరు వద్దన్నారు?" అని. వద్దన్నవాళ్లు కూడా ఉండే ఉంటారు. వాళ్ల మాట కూడా ఎక్కడా నమోదు కాలేదు.

మూడోది, చాలా తేలికైంది, చాలా కష్టమైంది కూడా. మాట మార్చండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక ప్రకాశంలో ఉన్న కారంచేడు, గుంటూరులో ఉన్న చుండూరు, రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. ప్రభుత్వం రెండు ఊళ్లనీ ఒకే మ్యాప్‌లో పెట్టింది. ఒకే వాక్యంలో పెట్టడం మన పని. ఇంట్లోనో, హాస్టల్ రూమ్‌లోనో, టీ కొట్టు దగ్గరో ఎవరన్నా "అక్కడ ఏదో గొడవ జరిగిందంట కదా" అంటే, పోట్లాడక్కర్లేదు, ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. మామూలు గొంతుతోనే, "గొడవ కాదన్నా. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు" అనండి.

జరిగింది కాదు, చేశారు. ఈ ఎపిసోడ్‌లో ఇంకేం గుర్తు లేకపోయినా ఆ క్రియ ఒక్కటి గుర్తు పెట్టుకోండి.